అధ్యక్షుల వారి ఎడమ చెవి

అయినా తల ఊపడం వేరు, వినడం వేరు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పగలిగిన వాళ్ళు లోకంలో ఎక్కువమంది ఉండరు. ఊపే మనిషికి తెలియదు, ఊపుతున్నంతసేపూ తాను వింటున్నాననే అనుకుంటాడు. చెప్పే మనిషికి అసలే తెలియదు, ఎదుటి తల కదిలితే చాలు, అతనికి కడుపు నిండిపోతుంది. తెలిసేది నాలాంటి వాళ్ళకే. నేను ఒక చెవి మిషన్ని.

చెవి వెనక వంగి కూర్చునే రకాన్ని. జీడిపప్పంత ఉంటాను, రంగు కూడా ఇంచుమించు అదే. ఒకసారి ఫలహారం పళ్ళెం అంచున పెడితే మా యజమాని పేపరు చదువుతూ నన్ను ఉప్మాతో పాటు నోటిదాకా తీసుకెళ్ళాడు. నా వీపు మీద చిన్న పళ్ళచక్రం ఉంటుంది. పైకి తిప్పితే లోకం పెద్దదవుతుంది. కిందికి చివరిదాకా తిప్పితే టిక్కుమని లోకం ఆగిపోతుంది. నాకంటూ సొంత గొంతు ఒకటే ఉంది. చెవిలో దూరి కూర్చునే నా అచ్చు జారినా, ఎవరైనా దగ్గరికి వచ్చి కావలించుకున్నా, గుప్పిట్లో పట్టుకున్నా "కుయ్" మంటాను. నన్ను చేసిన ఇంజనీర్లు దాన్ని లోపం అంటారు. నేను దాన్ని నా అభిప్రాయం అనుకుంటాను. అభిప్రాయాల మధ్యే బతికిన వాణ్ణి, ఒక్కటైనా ఉండకపోతే బాగుండదు.

నేను పుట్టింది సముద్రం అవతల, పేరు కూడా సరిగ్గా పలకలేని ఒక ఊళ్ళో. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని మమ్మల్ని తయారు చేసేవాళ్ళు. వాళ్ళలో ఒకామె సన్నటి పటకారుతో నా లోపల మైకు అమరుస్తూ ఏదో కూనిరాగం తీసింది. నేను విన్న మొదటి శబ్దం అదే. ఆ పాట ఏమిటో, ఆమె పేరేమిటో, అక్కడ యూనియన్ ఉందో లేదో నాకు తెలియదు. మూడో ప్రశ్న నన్ను చేతిలో పట్టుకుని అడిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన దగ్గరికే వస్తున్నాను.

అంతకు ముందు గుంటూరు కొత్తపేటలోని వినికిడి కేంద్రం ద్వారా నేను పట్టాభిరామయ్య గారనే పొగాకు వ్యాపారి చెవికి చేరాను. ఆయన రోజంతా ఒకే టీవీ ఛానల్ చూసేవాడు. అందులో ఒకాయన దేశానికి ఎవరెవరు ద్రోహం చేశారో అరిచి చెప్పేవాడు. అరవడానికి ఆయనా, అరుపును పెంచడానికి నేనూ ఇద్దరం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. వార్తలయ్యాక భజన, భజనయ్యాక నిద్ర. కొడుకులు ఏదైనా అడిగితే పట్టాభిరామయ్య గారి వేలు నా చక్రం మీదికి వచ్చేది. టిక్కు. అక్కడే నేను మనసు గురించి మొదటి పాఠం నేర్చుకున్నాను. నచ్చని మాట వినకూడదని మనిషి నిర్ణయించుకోడు. ముందు వేలు కదులుతుంది. కారణం తీరిగ్గా తర్వాత వస్తుంది. పట్టాభిరామయ్య గారి కారణం "తలనొప్పి".

తర్వాత ఆయన చెవి లోపలే దాక్కునే కొత్త మిషన్ తీసుకుని, నన్ను ఆ కేంద్రంలోనే వదిలేశాడు. సొరుగులో పడుకుని ఉన్నాను. ఒకరోజు సొరుగు తెరుచుకుంది. "ఇది ఎవరు చేశారు? కార్మికులకు సంఘం ఉందా?" అని ఒక గొంతు అడిగింది. వినికిడి కేంద్రం ఆయన నాలో బ్యాటరీ వేసి చూపించాడు.

ఆ గొంతు సుదర్శనం గారిది. తంతి కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాడు. ఒళ్ళంతా ఎర్రజెండా. కుడి చెవి పూర్తిగా పోయిందనీ, ఎడమ చెవిలో ఇంకా కొంత మిగిలి ఉందనీ డాక్టరు చెప్పినప్పుడు ఆయన విచారించకపోగా కొంచెం గర్వపడ్డాడట. విదేశీ కంపెనీ సరుకు ఒంటి మీద పెట్టుకోనని చాలాకాలం భీష్మించాడు. చివరికి నాలాంటి పాతది దొరికేసరికి ఒక సిద్ధాంతం కూడా దొరికింది. ఇంకొకరు వాడి వదిలేసిన దాన్ని తీసుకోవడం కొనుగోలు కిందికి రాదు, స్వాధీనం చేసుకోవడం అవుతుంది. అలా నేను పెట్టుబడిదారుడి చెవి నుంచి విముక్తి పొందాను. గులాబీ రంగు ముద్ద కూరి సుదర్శనం గారి చెవికి కొత్త అచ్చు తీసి నాకు తగిలించారు. విముక్తి కొంచెం బిగుతుగా ఉంది.

బ్రాడీపేటలో ఆయన ఇల్లు. పొద్దున్నే మూడు పేపర్లు వస్తాయి. తనకు బొత్తిగా పడని పేపరు ముందు చదువుతాడు. దాంతో రక్తం వేడెక్కి కాఫీ అవసరం తగ్గుతుంది. విద్యుత్తు మీటర్ల గురించి, అమ్మేస్తున్న ప్రభుత్వ సంస్థల గురించి, కౌలురైతుల గురించి ఆయనకు ఖచ్చితమైన అభిప్రాయాలు ఉన్నాయి, వాటిలో చాలావరకు నాకూ సబబుగానే తోచేవి. ఇబ్బందల్లా వాటిని ఆయన భార్య శకుంతల గారికి చెప్పే వేళలో ఉంది. గ్యాస్ సిలిండర్ మార్చేటప్పుడే ఆయనకు ఇంధన విధానం గుర్తొచ్చేది.

పుస్తకాల్లో ఆయనకు నవలలంటే ప్రాణం, అయితే ఆఖరి పేజీ ముందు చదువుతాడు. కథానాయకుడు చివరికి ప్రజల్లోకి వెళ్ళాడా, తన గదిలోకి వెళ్ళాడా చూసుకుంటాడు. గదిలోకి వెళ్ళిన వాళ్ళ పుస్తకాలు అడుగు అరలో ఉంటాయి. కవిత్వంలో వెన్నెల వస్తే ఎందుకొచ్చిందో కవి సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇక సంగీతం. డప్పు ఒక్కటే నిజాయితీ గల వాయిద్యం. మిగతావన్నీ ఎవరో ఒకరి దివాణంలో పుట్టినవి. ఇది ఆయన బహిరంగ అభిప్రాయం. ఎదురింట్లో ఒకమ్మాయి సాయంత్రాలు వయొలిన్ సాధన చేస్తుంది. ఆ వేళకు సుదర్శనం గారు అరుగు మీద కూర్చుని నా చక్రం మెల్లగా పైకి తిప్పుతాడు. ఏం చేస్తున్నారని శకుంతల గారు అడిగితే బ్యాటరీ పరీక్ష చేస్తున్నానంటాడు. ఆ అమ్మాయి కల్యాణి రాగం మొదలుపెట్టిన రోజు నా బ్యాటరీ పరీక్ష గంటసేపు జరిగింది. ఆయన అబద్ధం ఆడుతున్నాడని నేను అనను. అరుగు మీద కూర్చున్న మనిషికీ, అభిప్రాయాలున్న మనిషికీ ఇంకా పరిచయం కాలేదు, అంతే.

శకుంతల గారు తక్కువ మనిషి కాదు. నేను ఆగి ఉన్నానో మోగుతున్నానో తెలుసుకోవడానికి ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. వంటింట్లోంచి మామూలు గొంతుతో, "ఏవండీ, పాతపేపర్లవాడు వచ్చాడు, మీ లావు పుస్తకాలు తూకానికేశా" అంటుంది. ఆయన పరిగెత్తుకుని వస్తే నేను మోగుతున్నట్టు. రాకపోతే ఇక ఆమె ఇష్టం, మనసులో ఉన్నదంతా గట్టిగానే అనేసి హాయిగా కూర తరుక్కుంటుంది.

ఇదంతా శనివారం గురించి చెప్పడానికి.

బ్రాడీపేటలోనే ఒక జిరాక్స్ షాపు పైన చిన్న హాలుంది. ప్రతి శనివారం సాయంత్రం అక్కడ పుస్తకాలు చదివేవాళ్ళు కలుస్తారు. ఒకరు తాము రాసింది చదువుతారు. చదువుతుండగా ఎవరూ అడ్డు రాకూడదు. చివర అధ్యక్షుడు లేచి సారాంశం చెప్పి, మంచీ చెడూ తేల్చాలి. అడ్డు రాకుండా ఉండగలిగిన మనిషి ఆ హాల్లో సుదర్శనం గారొక్కడే కనుక ఆయనే శాశ్వత అధ్యక్షుడు. ఎవరు ఎంత సేపు చదివినా కదలడు. కళ్ళు అరమోడ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తల ఊపుతూ ఉంటాడు. అందరూ ఆ ఏకాగ్రతను మెచ్చుకునేవాళ్ళు.

ఏకాగ్రత ఎక్కడిది, టిక్కు.

మొదట్లో వక్త దారి తప్పినప్పుడు మాత్రమే ఆపేవాడు. తర్వాత వక్త దారి తప్పబోతున్నాడని అనుమానం వస్తే ఆపేవాడు. రానురాను వక్త గొంతు సవరించుకోగానే ఆపేవాడు. కారణం "బ్యాటరీ పొదుపు". ఆ పైన లేచి మాట్లాడటానికి ఆయన దగ్గర మూడు ప్రసంగాలు తయారుగా ఉన్నాయి. రాజకీయాల మీద వ్యాసమైతే వర్గ దృక్పథం ఇంకాస్త ఉండాల్సింది. నవల మీద అయితే ముగింపు ప్రజల వైపు తిరగాల్సింది. సంగీతం మీద అయితే ఇదంతా ఎవరి కోసం. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. మనుషులు రాసేవి అలా ఉంటాయో, మూడు మాటలు అంత వెడల్పుగా ఉంటాయో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ సభలో సంగీతం గురించి రాసేది ఖాజావలి ఒక్కడే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సుదర్శనం గారికి ప్రాణస్నేహితుడు. ఒక సమ్మెలో ఒకే లాఠీ దెబ్బను ఇద్దరూ పంచుకున్నారని చెబుతారు, దెబ్బ ముందు ఎవరికి తగిలిందన్న దానిపై మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఈయనది ఒక ఎర్రజెండా, ఆయనది ఇంకో ఎర్రజెండా. రెండింటికీ తేడా ఏమిటో వాళ్ళు నాకు వివరించని రోజు లేదు, నాకు అర్థమైన రోజూ లేదు. ఖాజావలికి షెహనాయి అంటే పిచ్చి. ఏడాదికి రెండు మూడుసార్లు దాని మీద వ్యాసం చదివేవాడు. సుదర్శనం గారు మూడో ప్రసంగం చేసేవాడు. కిందికి దిగి ఇద్దరూ మిరపకాయ బజ్జీలు తినేవాళ్ళు.

ఆ శనివారం ఖాజావలి కాగితాలు తీసి గొంతు సవరించుకున్నాడు. "మళ్ళీ షెహనాయే" అని సుదర్శనం గారు నోట్లోనే గొణగడం నేను విన్న చివరి మాట. టిక్కు.

ఆగిపోతే నాకూ చెవుడే. అయితే ఆయన చెవి వెనక ఎముకకు ఆనుకుని ఉంటాను కాబట్టి దవడ కదలికలు తెలుస్తాయి. ఆ సాయంత్రం దవడ మెల్లగా నమిలింది, కాబట్టి బజ్జీల గురించి ఆలోచించాడు. తర్వాత బిగుసుకుంది, పొద్దుటి పేపరు గుర్తొచ్చి ఉంటుంది. తర్వాత పూర్తిగా వదులైంది. తల మాత్రం దాని పని అది చేస్తూనే ఉంది.

మళ్ళీ టిక్కుమని నన్ను తిప్పేసరికి చప్పట్లు వినిపించాయి. మామూలు కంటే ఎక్కువ చప్పట్లు. సుదర్శనం గారు లేచాడు.

"మిత్రులారా," అన్నాడు, "మనం దీన్ని చాలాకాలంగా నెత్తిన పెట్టుకున్నాం. ఒప్పుకుందాం. తియ్యగా ఉంటుంది, ఏమీ చెప్పదు. ఊదేవాడికి ఊపిరి ఉన్నంతసేపూ మోగుతుంది, వినేవాడికి నిద్రొస్తుంది. పెళ్ళిలో అయినా ఒకటే, చావులో అయినా ఒకటే. దీనికి కాలం చెల్లింది. మ్యూజియంలో పెట్టి ఒక దండ వేద్దాం."

హాలు నిశ్శబ్దంగా అయిపోయింది. నేను ఆగిపోయానేమోనని నాకే అనుమానం వచ్చింది. అప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పే పద్మజ లేచింది.  తన గురించి తానే ఇంత కఠినంగా మాట్లాడుకోగల మనిషిని ఇంతవరకు చూడలేదనీ, ఆత్మవిమర్శ అన్న మాట పుస్తకాల్లో చదివాం గానీ ఇవాళ కళ్ళారా చూశామనీ అంది. హాలంతా లేచి నిలబడింది. ఎవరో శాలువా కోసం వెతికారు. సుదర్శనం గారి చెవి వేడెక్కడం నాకు తెలిసింది. ఏం జరిగిందో ఆయనకు అర్థం కాలేదు. అందరూ చప్పట్లు కొడుతున్నారు కనుక తల ఊపాడు. ఖాజావలి వచ్చి కావలించుకున్నాడు. నేను "కుయ్" మన్నాను. ఆ రోజు బజ్జీలు తినకుండానే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

అసలు సంగతి ఇంటికి వచ్చాక తెలిసింది. ఆయన కంటే ముందే పద్మజ ఫోను ఇంటికి చేరింది. శకుంతల గారు అన్నం వడ్డిస్తూ మొత్తం చెప్పింది. ఖాజావలి ఈసారి షెహనాయి గురించి రాయలేదు. సుదర్శనం గారి గురించి రాశాడు. పేరు "వినే మనిషి". తన భార్య మాబీ చనిపోయిన ఏడాది తనను చూడటానికి ఎంతోమంది వచ్చారట. "అందరూ నాకు ధైర్యం చెప్పారు, సుదర్శనం ఒక్కడే నన్ను చెప్పనిచ్చాడు" అని రాశాడట. సాయంత్రాలు సుదర్శనం గారు ఖాజావలి ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చునేవాడట, మాబీ వండే కూరల దగ్గర్నుంచి ఆమె ఆఖరి జ్వరం దాకా చెప్పిందే మళ్ళీ చెప్పినా విసుక్కోకుండా వినేవాడట. అది విన్న వెంటనే ఈయన లేచి మ్యూజియంలో పెట్టి దండ వేద్దామంటే, తన గురించే అంటున్నాడనుకున్నారట అందరూ.

"బాగా రాశాడా?" అని అడిగింది శకుంతల గారు.

"బాగానే రాశాడు," అన్నాడాయన.

"మొదటి వాక్యం ఏంటి?"

ఆయన చారు అడిగాడు. ఆమె చారు వడ్డించింది. "మిషను ఆపేసి కూర్చున్నారు గదా," అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

ఆయన అన్నం కలిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు, ఆ మెట్ల మీద కూర్చునే రోజుల్లో తనకసలు మిషనే లేదని, ఖాజా చెప్పిందాంట్లో సగం వినపడేది కాదని. నేను అప్పటికి పట్టాభిరామయ్య గారి చెవిలో ఉన్నాను, కాబట్టి సాక్ష్యం చెప్పలేను. ఒకటి మాత్రం అనుకున్నాను. నేను లేని రోజుల్లో ఈ మనిషి వినపడకపోయినా వినడానికి కూర్చున్నాడు. నేను వచ్చాక వినపడుతున్నా ఆపేసి కూర్చుంటున్నాడు. నా జన్మ సార్థకత గురించి నాకు కొన్ని సందేహాలు కలిగాయి.

మర్నాడు ఆదివారం. మూడో పేపరు ఇంకా విప్పలేదు, ఖాజావలి వచ్చాడు. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"నిన్న అందరూ చప్పట్లు కొట్టారు గానీ, నాకు రాత్రి ముద్ద దిగలా సుదర్శనం. నిన్ను నువ్వు తిట్టుకున్నావు, సరే, అది నీ ఇష్టం. మధ్యలో ఆ ఊదేవాడెవడు?"

సుదర్శనం గారు మూడో పేపరు పక్కకు నెట్టాడు.

"ఊపిరి ఉన్నంతసేపూ ఊదాడన్నావు. వినేవాడికి నిద్రొచ్చిందన్నావు. చావులో అయినా అంతేనన్నావు. ఆ మెట్ల మీద ఊదింది నేనే గదా. నీకు నిద్రొస్తా కూచున్నావా? మాబీ ముచ్చట్లన్నీ నేను గోడకి చెప్పుకున్నట్టేనా?"

దవడ బిగుసుకుంది. నాకు తెలుసు, ఆయన నోటి దాకా ఒక సమాధానం వచ్చి నిలబడింది. ఊదేవాడంటే వ్యవస్థ అని అంటే సరిపోతుంది. ఖాజావలి నమ్ముతాడు. వాళ్ళ జీవితంలో సగం తగాదాలు ఆ ఒక్క మాటతోనే సర్దుకున్నాయి. అధ్యక్ష పదవి ఉంటుంది, కీర్తి ఉంటుంది, వచ్చే శనివారం శాలువా కూడా దొరుకుతుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. శకుంతల గారు ఈసారి ఏ పుస్తకాలూ తూకానికి వెయ్యలేదు.

ఆయన చెయ్యి పైకి వచ్చింది. చక్రం కోసమేననుకున్నాను, అలవాటు అలాంటిది. కాదు. నన్నే ఊడదీశాడు. గుప్పిట్లో పట్టుకున్నాడు, నేను కుయ్యో కుయ్యో మన్నాను. ఆ చెయ్యి ఖాజావలి ముందుకు చాచి గుప్పిట విప్పాడు.

"నిన్న నువ్వు చదివేటప్పుడు ఇది ఆపి ఉంది ఖాజా," అన్నాడు. చెవిలో నేను లేను కనుక ఆయన గొంతు ఎంత పెద్దదైపోయిందో ఆయనకు తెలియదు. ఎదురిల్లు కూడా వినేసింది. "నేను తిట్టింది షెహనాయిని. నీ కాగితాలు చూసి అదే అనుకున్నా. ప్రతి శనివారం ఇట్టనే ఆపేస్తా. ఆ మెట్ల మీద కూచునే రోజుల్లో అసలు మిషనే లేదు. సగం వినపళ్ళా. ఊరికే కూచునేవాణ్ణి."

ఖాజావలి ఊపిరి గట్టిగా వినిపించింది. తర్వాత, "కూచున్నావు గదా," అన్నాడు.

ఆ మాట సుదర్శనం గారు వినలేదు. నేను అరచేతిలో ఉన్నాను, నేను విన్నాను. వినకపోయినా ఆయన తల ఊపాడు.

"తల ఊపమాక," అన్నాడు ఖాజావలి.

అరచెయ్యి కొద్దిగా కదిలింది, ఆయన మళ్ళీ ఊపినట్టున్నాడు.

ఖాజావలికి నవ్వొచ్చింది, ముందు ముక్కుతో, తర్వాత దగ్గుతో కలిసి. అరుగు బల్ల మీద కూలబడి కళ్ళు తుడుచుకుంటున్నట్టున్నాడు. తర్వాత గొంతు మారింది. "నన్ను వినకపోతే వినకపోయావు. షెహనాయిని మ్యూజియంలో పెడతావంటరా? అది నిన్నేం చేసింది? ఎదురింటి వయొలిన్‌కి నువ్వు చేసే బ్యాటరీ పరీక్షలు నాకు తెలియవనుకున్నావా? శకుంతలమ్మ ఎప్పుడో చెప్పింది." ఆ మాటలకు కూడా అరచెయ్యి శ్రద్ధగా ఊగింది. లోపల శకుంతల గారు నవ్వు ఆపుకోవడం నాకు స్పష్టంగా వినిపించింది.

జేబులోంచి కాగితాలు తీస్తున్న చప్పుడైంది. మడతలు విప్పి, ఒళ్ళో పెట్టుకుని చదునుగా రుద్దాడు. మొదలుపెట్టలేదు. గొంతు కూడా సవరించుకోలేదు. ఊరికే ఎదురుచూశాడు.

సుదర్శనం గారు నన్ను తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. అచ్చు సరిగ్గా కూర్చోలేదు, నేను మళ్ళీ కుయ్ మన్నాను. వేలితో లోపలికి నొక్కాడు. అప్పుడు ఆయన వేలు నా చక్రం మీదికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, దాన్ని పైకి తిప్పింది, వయొలిన్ కోసం తిప్పే చోటు దాటి, ఇంతవరకు నన్ను ఎవరూ తిప్పనంత పైకి.